ఊ కొట్టడం నేర్చుకోవడానికి గోదావరి దాకా

కథలు మూటగట్టుకుని తెచ్చుకుందామని నేను గోదావరి జిల్లాకు వెళ్ళాను. పూతరేకులకు వెళ్ళేవాళ్ళుంటారు, పుణ్యానికి వెళ్ళేవాళ్ళుంటారు, కథల కోసం రైలెక్కేవాళ్ళు కూడా ఉంటారా అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకుని, వందపేజీల నోటు పుస్తకాలు రెండు, నాలుగు పెన్నులు సంచిలో వేసుకుని, దసరా సెలవులు ఇచ్చిన రోజే బయల్దేరాను.

నేను కదిరి వైపు ఒక సుగాలి తండాలో పంతులమ్మను. ఒకటే గది, ఒకటే పంతులమ్మ. పిల్లలు పద్దెనిమిది మంది. ఇంట్లో వాళ్ళది సుగాలి భాష, బళ్ళో నాది తెలుగు. నేను 'ఆవు' అంటే 'ఆవు' అంటారు. 'మీ ఇంట్లో ఆవు ఉందా' అంటే గోడ వైపు చూస్తారు. రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒక్క ముక్క అర్థం కాని బడికి ఎవరు మాత్రం ఎందుకొస్తారు? ఒక్కొక్కరే మేకల వెంట వెళ్ళిపోయారు. దసరాకు ముందు వచ్చిన అధికారి హాజరుపట్టీ తిరగేసి, జనవరి నాటికి సగం మందైనా రాకపోతే ఈ బడిని వంక అవతలి ఊరి బడిలో కలిపేస్తామని చెప్పి వెళ్ళాడు. అవతలి ఊరు మూడు మైళ్ళు. వానొస్తే వంక దాటలేరు. బడి పోతే ఆ పిల్లలకు చదువు పోయినట్టే.

ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా దాటేద్దామనే అనుకున్నాను, కానీ అది చెప్పకపోతే ఈ ప్రయాణం ఎందుకు చేశానో మీకు తెలియదు. ఆగస్టులో సాలీబాయి అనే ఏడేళ్ళ పిల్లను బెత్తంతో కొట్టాను. పలక చూపించి ఇదేమిటి అని ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదని కొట్టాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ పిల్ల ఏడవలేదు. పలకను గోడకు ఆనించి పెట్టి, పావడా సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. ఆ పిల్ల వెనకాలే ఇంకో నలుగురు మానేశారు.

శిక్షణ తరగతుల్లో నాకు పరిచయమైన భానుమతిది కోనసీమ. నా గోడు విని ఆవిడే చెప్పింది. "మా ఊళ్ళో వెంకాయమ్మ గారని, ముప్ఫై ఏళ్ళు బాలవాడి నడిపారండి. ఆవిడ దగ్గర మాట రాని పిల్లంటూ ఉండదండి. పుస్తకం పట్టుకోరు, అన్నీ కథలే. వెళ్ళి నాలుగు రోజులు కూర్చోండి." ఆ మాట పట్టుకుని వెళ్ళాను.

రాజమండ్రిలో తెల్లవారింది

పక్క సీటావిడ నన్ను భుజం తట్టి లేపింది. "లెగండి, గోదారి వచ్చింది," అంది, ఇంటికి చుట్టమొచ్చినట్టు. కిటికీలోంచి చూస్తే నీళ్ళు. రైలు వంతెన మీద నడుస్తూనే ఉంది, నీళ్ళు అయిపోవడం లేదు. మంచు సన్నగా పట్టి ఉంది కాబట్టి అవతలి ఒడ్డు కనబడలేదు. నది ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేకపోయాను. పెట్టెలో అందరూ నిద్రకళ్ళతోనే చిల్లర వెతుక్కుని నీళ్ళలోకి విసురుతున్నారు. నేనూ ఒక రూపాయి విసిరాను. అది కింద పడిన చప్పుడు వినబడుతుందేమోనని కాసేపు చెవులు రిక్కించాను. మా వైపు ఏరు అంటే ఇసుక. బిందెడు నీళ్ళకు బోరింగు దగ్గర కొట్లాడుకునే ఊరి మనిషిని, అన్ని నీళ్ళు ఊరికే పోతుంటే నాకు ఒళ్ళు మండింది, కాసేపటికి ఏడుపూ వచ్చింది.

స్టేషను బయట హోటల్లో పెసరట్టు ఉప్మా ఐదు రూపాయలు. వడ్డించే ఆయన, "అల్లం పచ్చడి ఇంకాస్త వెయ్యమంటారాండి?" "నీళ్ళు మార్చమంటారాండి?" "కాఫీ ఇప్పుడే తెమ్మంటారాండి?" అంటూ మాటకో అండి తగిలించాడు. మా సీమలో ఇంత మర్యాద చేస్తే ఏదో అప్పడగడానికి వచ్చారనుకుంటాం. ఈ జిల్లాలో కుక్కను తోలేటప్పుడు కూడా 'పొండి' అంటారేమో అనిపించింది. పచ్చడిలో కారం మాత్రం మాకు చాలదు.

కోటిపల్లి రేవు, ఒక కథ, మూడు దాటడాలు

కోటిపల్లి వెళ్ళే బస్సు పక్కనే కాలవ కూడా వస్తూ ఉంది. కిటికీకి తల ఆనించి ఎప్పుడు నిద్రపోయానో, ఎప్పుడు లేచానో తెలియదు. నిద్రలోనూ మెలకువలోనూ పక్కన కాలవే ఉంది.

రేవులో పంటు ఎక్కాలి. పడవలను జోడించి పైన చెక్కలు పరిస్తే అది పంటు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక గేదె, అందరం ఎక్కాం. ఇంజను డుబడుబమంటుంటే ఒడ్డు మెల్లగా వెనక్కి జరిగింది. అరవై ఏళ్ళ ఒకామె, పసుపు రాసుకున్న ముఖం, గుప్పిట్లో ఏదో పట్టుకుని ప్రతివాళ్ళ ముఖాలూ చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

"అమ్మా, మీరు ఖాళీయేనా?"

పంటు మీద కూర్చున్న మనిషికి పనేముంటుంది? ఖాళీయే అన్నాను. ఆవిడ నా పక్కన కూలబడి గుప్పిట విప్పి సగం అక్షింతలు నా చేతిలో పోసింది. పేరు మంగమ్మట. "ఆదివారం నోమండి. కథ చెప్పుకుని అక్షింతలు నెత్తిన వేసుకుంటే గాని నోట్లో మెతుకు పెట్టకూడదు. పొద్దున్నుంచి చూస్తున్నాను, ఇంట్లో వినే నాథుడు లేడు. కోడలు పొలం వెళ్ళింది. మనవరాలు టీవీ ముందు నుంచి లేవదు. మీరు ఊ కొట్టండి, చాలు."

"వినేవాళ్ళు దొరక్కపోతే?"

"పస్తేనండి," అంది మామూలుగా.

కథ మొదలుపెట్టింది. ఒక ఊళ్ళో ఒక పేదరాలు. ఎంత వండినా ఆమె ఇంట్లో అన్నం ఎప్పుడూ ఒక్క మనిషికి తక్కువయ్యేది. ఆ ఒక్క మనిషీ ఎప్పుడూ తనే అయ్యేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. నేను ఊ అన్నాను. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ముఖం ఎర్రగా వెలిగిపోతున్న అతిథి వచ్చాడు. ఊ అన్నాను. చల్లగాలి. ఇంజను చప్పుడు ఒక్క తీరుగా ఉంది. ఎండ నీళ్ళ మీద పడి చెక్కల కింది నుంచి నా పాదాల మీద వణుకుతోంది. రెండు రాత్రుల రైలు నిద్ర నా మీద బాకీ ఉంది. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో. లేచేసరికి అక్షింతలు చెక్కల మీద ఉన్నాయి, మంగమ్మ నన్నే చూస్తోంది, ముక్తేశ్వరం రేవులో గేదె దిగుతోంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం కోప్పడలేదు. కొంగు ముడి విప్పి ఇంకాసిని అక్షింతలు తీసింది. "పర్లేదండి. మళ్ళీ మొదట్నుంచి."

"రేవు వచ్చింది కదండీ."

"కథ అవలేదు కదండీ."

దిగడానికి లేచాను, కానీ ఆవిడ కళ్ళలో ఆకలి కనబడి మళ్ళీ కూర్చున్నాను. అవతలి నుంచి జనం ఎక్కారు, పంటు తిరిగి కోటిపల్లి వైపు బయల్దేరింది. టిక్కెట్ల ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు. "ఈ వారం ఈవిడ దొరికారాండీ మంగమ్మ గారూ?" నన్ను మళ్ళీ డబ్బులు అడగలేదు. మీరే వినొచ్చు కదా అని నేను చిరాకుగా అంటే, "నేను ఇదివరకే శానా వారాలు విన్నానండి. ఇప్పుడు ఊ బదులు ఆవలింత వస్తంది. ఆవలింత పనికిరాదంట," అన్నాడు.

ఈసారి పేదరాలికి ముగ్గురు కొడుకులు. ఇందాక ఇద్దరన్నారు కదా అన్నాను. మంగమ్మ ముఖం విప్పారింది. "వింటున్నారో లేదోనని చూశానండి. ఇద్దరే." ఆ తర్వాత నేను కళ్ళు మూయలేదు. ఆ అతిథి సూర్యుడేనట. ఆమె వాటా కూడా మనిషి వాటాయేనని ఆమెకే తెలియజెప్పడానికి వచ్చాడట. కథ ముగిసేసరికి కోటిపల్లి దాటి, మళ్ళీ నది నడుమకు వచ్చాం. ఆవిడ తన నెత్తిన, నా నెత్తిన అక్షింతలు వేసి, గిన్నెలోంచి చలిమిడి తీసి ముందు నాకు పెట్టింది, తర్వాత తను తింది. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి ఎంత నెమ్మదిగా తిన్నదో చెప్పలేను. ఒక్క కథకు నేను గోదావరి మూడు సార్లు దాటాను.

వెంకాయమ్మ గారి వాకిట్లో

ఊరి పేరు రాయవద్దని వెంకాయమ్మ గారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. "పేపర్లో పడితే జనం వస్తారండి. వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టలేక మా సత్యవతి చస్తుంది." సత్యవతి ఆవిడ కోడలు. ఆ మాట విని లోపల్నుంచి కాఫీతోనే వచ్చింది. కాబట్టి ఇంతే చెబుతాను. చుట్టూ నీళ్ళున్న లంక, చిన్న పెంకుటిల్లు, పెరట్లో కాలవలోకి దిగే నాలుగు మెట్లు. కొబ్బరి చెట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే మధ్యాహ్నం కూడా సాయంత్రంలాగే ఉంటుంది. నాకు అక్కడ వేళ తెలియడం మానేసింది. గడియారం చూసుకుంటే పన్నెండు, ఆకుపచ్చ నీడలో చూస్తే ఆరు. ఎవరూ తొందరగా నడవరు. కాలవలో ఒక కొబ్బరి మట్ట పోతుంటే అది మలుపు తిరిగేదాకా అరుగు మీదివాళ్ళందరూ చూశారు, నేనూ చూశాను.

వెంకాయమ్మ గారికి ఎనభై దగ్గర పడ్డాయి. చిన్న మనిషి, పీట మీద కూర్చుంటే ఇంకా చిన్నగా ఉన్నారు. బాలవాడి మూతపడి నాలుగేళ్ళయిందట. ఇప్పుడు పిల్లలు కాన్వెంటు వ్యాన్లలో అమలాపురం వెళుతున్నారు. వ్యాను సాయంత్రం నాలుగున్నరకు కాలవ వంతెన మీద వాళ్ళను దింపుతుంది. పుస్తకాల సంచులు అరుగు మీద పారేసి, టై ఊడదీసి, తిన్నగా ఈ వాకిట్లోకే వస్తారు. వ్యాను ఎక్కని పిల్లలూ వస్తారు, కొబ్బరి దింపేవాళ్ళ పిల్లలు. అందరూ ఒలిచిపడేసిన కొబ్బరి డొక్కల కుప్ప చుట్టూ కూర్చుంటారు. అందరికంటే ముందు, ఆవిడ మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా, మూడున్నరేళ్ళ బుజ్జి అనే పిల్ల. ఆ చోటు ఆ పిల్లదే, వేరేవాళ్ళు కూర్చోరు.

"అనగనగా ఒక చీమ," అన్నారు వెంకాయమ్మ గారు.

"ఊ," అంది బుజ్జి.

"దాని చెల్లెలు గోదారికి అవతలొడ్డున ఉంది."

"ఊ."

"చెల్లెలికి సీమంతం. చీమ పంచదార పలుకొకటి నెత్తిన పెట్టుకుని..."

"రేవుకొచ్చింది!" అన్నారు వెనక వరసవాళ్ళు.

"రేవుకొచ్చి పంటు టిక్కెట్టు కొనుక్కుంది."

పెద్ద పిల్లల్లో గగ్గోలు బయల్దేరింది. చీమకు టిక్కెట్టు ఎందుకండి మామ్మ గారూ అని ఒకరు, డబ్బులెక్కడ దాచుకుంటుందండి అని ఒకరు, గేదె కాలి మీద ఎక్కి ఊరికే వెళ్ళిపోతుందండి అని ఇంకొకరు. వెంకాయమ్మ గారు ఓడిపోయినట్టు ముఖం పెట్టి, "అయితే మీరే చెప్పండి," అన్నారు. కాన్వెంటు యూనిఫారంలో ఉన్న పదేళ్ళ పిల్ల లేచి, కథను గేదె కాలి మీద నదిలోకి నడిపించింది. వెంకాయమ్మ గారు ఇప్పుడు వినేవాళ్ళలో కలిసిపోయారు.

నేను పక్కన కూర్చుని మహా ఉత్సాహంగా రాస్తున్నాను. చీమ, చెల్లెలు, పంచదార, గేదె. ఇంకో కథ మొదలైంది. అదీ రాస్తున్నాను. ఉన్నట్టుండి వాకిలి నిశ్శబ్దమైపోయింది. తలెత్తితే అందరూ నన్నే చూస్తున్నారు. బుజ్జి కూడా.

"ఏమైందండి?" అన్నాను.

"బుజ్జి పాలు తాగడానికి వెళ్ళొచ్చిందండి. ఈలోగా ఊ కొట్టడం మీ వంతు. వాకిట్లో పెద్దవాళ్ళలో మీరొక్కరే చుట్టం కదా, మర్యాద మీకిచ్చాం. మీ ఊ వినపడలేదు," అన్నారు వెంకాయమ్మ గారు.

"రాసుకుంటున్నానండి."

"రాసుకోండి. అయ్యాక చెబుతాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని నిజంగానే ఆగారు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో. కానీ పాతికమంది పిల్లల ముందు నేను బళ్ళో గోడ వైపు చూసే పిల్లనైపోయాను. నోటు పుస్తకం మూసేశాను. ఆ ప్రయాణంలో మళ్ళీ తెరవలేదు.

కందా బచ్చలీ, ఒక ప్రశ్నా

మర్నాడు సత్యవతి కందా బచ్చలి కూర చేసింది, ఆవ పెట్టి. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం కూడా అన్నమే. రాగి సంగటి గురించి చెబితే సత్యవతి జాలిగా చూసి ఇంకో గరిటె అన్నం వేసింది. వద్దన్నకొద్దీ వేస్తుంది. మా ఊళ్ళో వద్దంటే వద్దనే. ఇక్కడ మూడోసారి వద్దంటే గాని వద్దని లెక్క కాదని తెలిసేసరికి కడుపు పగిలేలా ఉంది.

తిన్నాక కాలవ మెట్ల మీద కూర్చున్నాం, వెంకాయమ్మ గారూ నేనూ. నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాం. చిన్న చేపలు వచ్చి వేళ్ళను పొడిచి పోతున్నాయి. బుజ్జి పై మెట్టు మీద నిద్రపోయింది. చెట్ల మీంచి దింపిన కాయలు ఎక్కడో దూరంగా దబ్బుదబ్బున పడుతున్నాయి. ఆ చప్పుళ్ళ మధ్య ఆవిడ తన పద్ధతి చెప్పారు. పద్ధతి అనే మాట మాత్రం వాడలేదు.

"మా బాలవాడిలో మొదటి పాఠం ఊ అండి. అ ఆలు తర్వాతెప్పుడో. ఊ అన్న పిల్ల కథ లోపలికొచ్చినట్టే. కొన్నాళ్ళకి మాట చివర మనం ఆపితే తనే అందుకుంటుంది. ఇంకొన్నాళ్ళకి మనం తప్పు చెబితే ఊరుకోదు, దెబ్బలాడుతుంది. దెబ్బలాడిన రోజున నేను పప్పుబెల్లాలు పంచేదాన్నండి. ఇంక ఆ పిల్లకి భాష వచ్చేసినట్టే."

మంగమ్మ కథలో ముగ్గురైపోయిన కొడుకులు గుర్తొచ్చి నవ్వాను.

"ఇవాళ సాయంత్రం మీ వంతు," అన్నారు ఆవిడ. "మీ బళ్ళో పిల్లలు చెప్పుకునే కథ ఒకటి మా వాళ్ళకి చెప్పండి."

"వాళ్ళ కథలు నాకు తెలియవండి. వాళ్ళు మాట్లాడరు."

"మీతోనా, అసలేనా?"

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ పద్దెనిమిది మందీ వేపచెట్టు కింద చేసే గోల నా చెవుల్లో వినబడింది. నవ్వులు, పందేలు, తిట్లు, పొడుగు పొడుగు కథలు. నేను గుమ్మంలో కనబడగానే అది ఆగిపోతుంది. రెండేళ్ళుగా ఆ గోలను నేను అల్లరి అన్నాను, నిశ్శబ్దాన్ని మొద్దుతనం అన్నాను.

"నాతో మాట్లాడరండి," అన్నాను. సాలీబాయిని కొట్టిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. కన్నీళ్ళు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. నేను చెబుతున్నంతసేపూ ఊ అంటూనే ఉన్నారు.

నేను ముగించాక, "వాళ్ళ భాష మీకు వచ్చాండి?" అని అడిగారు.

"రాదండి. తెలియని భాషలో కథ వింటే మాత్రం ఏం లాభం? ఎక్కడ ఊ అనాలో కూడా తెలియదు కదా."

ఆవిడ బుజ్జి వైపు చూశారు. "దీనికి మాత్రం ఏం తెలుసండి? సీమంతమంటే తెలుసా, పంటు టిక్కెట్టంటే తెలుసా? నన్ను నమ్మి ఊ కొడుతోంది. తప్పు చోట కొడితే మేం నవ్వుతాం. అదీ నవ్వుతుంది." కొంగుతో పిల్ల ముఖం మీది ఈగను తోలి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగారు.

ఆ సాయంత్రం నేను కథ చెప్పలేదు. బుజ్జి పక్కన కూర్చుని ఇద్దరం కలిసి ఊ కొట్టాం. ఇంకో రెండు రోజులు అదే పని. అంత మంచి సెలవులు నా జన్మలో లేవు.

రావులపాలెంలో గెల

తిరుగు దారిలో రావులపాలెం అరటి మార్కెట్టులో దిగడం నా తెలివితక్కువ. అక్కడ గెలలు గోడల్లా నిలబడి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో మనుషులు నడుస్తుంటారు. ఎటు చూసినా పచ్చదనమే, దారి తప్పితే బయటపడలేమేమో అనిపించింది. డజను ఎంత అని అడిగాను. వ్యాపారి నన్ను పసిపిల్లను చూసినట్టు చూశాడు.

"డజనేంటండి? ఇక్కడ గెలే లెక్కండి. నలభై."

మా ఊళ్ళో ఆ డబ్బుకు నాలుగైదు డజన్లు కూడా రావు. ఆశ పుట్టింది. బేరమాడి ముప్ఫై ఐదుకు తెగ్గొట్టి, గెలిచానన్న గర్వంతో ఎత్తుకుంటే గాని బరువు తెలియలేదు. అన్నీ పచ్చికాయలని కూడా అప్పుడే చూశాను. "మీ ఊరెళ్ళేసరికి పండుతాయండి," అన్నాడు. ఎందుకొచ్చారని అడిగితే చెప్పాను. "మా అమ్మాయీ కథ చెప్పమని అడుగుతుందండి. నాకేం వచ్చు, అరటి రేట్లు చెబుతాను. పడుకుంటుందండి." మీ అమ్మాయి ఊ కొడుతుందా అన్నాను. "మరేనండి, కొడుతుంది," అన్నాడు, నేను అడిగాకే అది గమనించినట్టు.

రైల్లో ఆ గెలను ఎవరూ ఉచితంగా కూడా తీసుకోలేదు. ఎదురుగా రిటైరైన పోస్టుమాస్టరు గారు కూర్చున్నారు. ఉద్యోగం గురించి మొదలుపెట్టి, ఏలూరు దాటేసరికి పెళ్ళి దగ్గరికి వచ్చారు. నేను కొత్తగా నేర్చిన విద్య కదా, కిటికీలోంచి కాలవలు మాయమవడం చూస్తూ ఊ కొడుతూ ఉన్నాను. విజయవాడలో దిగుతూ ఆయన చేతులు జోడించారు. "మీరు చాలా బాగా మాట్లాడతారమ్మా. ఈమధ్య ఇంత బాగా మాట్లాడే మనిషి తగల్లేదు." నేను మొత్తం మీద ఒక్క మాట కూడా అనలేదు.

తండాలో

జనవరి ఇంకా రాలేదు. ఇవాళ నా బళ్ళో పదకొండు మంది ఉన్నారు. అధికారి ఏం చేస్తాడో తెలియదు, చెయ్యనీ. ఆ పదకొండు మందిలో మొదటి పిల్ల ఎలా తిరిగి వచ్చిందో చెప్పి ముగిస్తాను.

బడి తెరవడానికి ఇంకో రోజుందనగా సాలీబాయి వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. వాళ్ళ అవ్వ గుమ్మంలో చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. సాలీబాయి నన్ను చూడగానే లోపలికి పోయి తడిక వెనక నిలబడింది. తడిక కింద పాదాలు కనబడుతున్నాయి. నేను నేల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో దారి పొడవునా అనుకున్నవన్నీ పోయాయి.

"అవ్వా, ఒక కథ చెప్పు," అన్నాను.

సంతలో నేర్చిన తెలుగులో అవ్వ అడిగింది. "మా మాటలో సెప్తే నీకేం తెలుస్తాది?"

"తెలియదు. నేను ఊ కొడతా."

అవ్వకు నవ్వొచ్చింది. నేను పరాచికాలాడుతున్నాననుకుంది. నేను కదలకుండా కూర్చునేసరికి కాయలు ఒలుస్తూనే మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు ఎక్కడ ఆగితే అక్కడ ఊ అన్నాను. తప్పు చోట అన్నప్పుడు అవ్వ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మెల్లగా ఆ గొంతులోని ఎత్తుపల్లాలు తెలిశాయి. ఎవరో బయల్దేరారు, ఎవరో వెంట వెళ్ళారు, ఏదో దొరికింది. ఊ. ఊ. పాదాలు తడిక పక్కకు వచ్చాయి. తర్వాత పావడా అంచు వచ్చింది. నేను అటు చూడలేదు. అవ్వ గొంతు తగ్గించి నెమ్మదిగా ఏదో చెప్పి ఆగింది.

నేను హుషారుగా, "ఊ," అన్నాను.

"అట్ల కాదు టీచర్."

రెండేళ్ళలో ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు. తడిక ఇవతలికి వచ్చి నిలబడింది. నా మీద కోపంగా ఉంది. బెత్తం తగిలిన రోజు కూడా రాని కోపం.

"మేక సచ్చిపాయ," అంది. "దాని పిల్ల ఒగటే ఉండాది. అప్పుడు ఊ అనగూడదు. అయ్యో అనాల."

నేను ఆ పిల్ల ముఖంలోకి చూసి, "అయ్యో," అన్నాను.

అవ్వ కథ ముందుకు సాగింది. సాలీబాయి వచ్చి నా పక్కన కూర్చుంది, నేను మళ్ళీ తప్పు చెయ్యకుండా చూడటానికి.